చిలకపచ్చ గోడ

గల్లీలో అందరూ ఒప్పుకున్నా నర్సమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. ఆమెను ఒప్పించే పనిని సావిత్రమ్మ తన మీద వేసుకుంది.

పొద్దున వచ్చిన జొన్నలన్నీ పట్టేసింది. ఆఖరి గంప పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూసుకుని మోటారు ఆపింది. పిండి గిర్ని పట్టా తిరిగి తిరిగి నెమ్మదించి ఆగేదాకా అలవాటుగా పక్కనే నిలబడింది. తర్వాత కనుబొమల మీది పిండి కొంగుతో దులుపుకుంటూ రోడ్డు దాటింది. దాటడమంటే ఎంత దూరం! రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవలసిన గల్లీ అది. పై కొస కూరగాయల మార్కెట్ వైపుకు, కింది కొస హైవే మీదికి తెరుచుకుంటుంది. సావిత్రమ్మ గిర్నికి సరిగ్గా ఎదురిల్లు నర్సమ్మది.

నర్సమ్మ అరుగు మీద కూర్చుని పుంటికూర తెంపుతోంది. చూపుతో కాదు, వేళ్లతో. ఆకును నలిపి చూసి, ముదురుదైతే పక్కకు వేస్తోంది. ఆమె కంటినరాలు ఎండిపోయాయనీ, ఆపరేషన్‌తో వచ్చే చూపు కాదనీ హైదరాబాద్ డాక్టర్లు చెప్పేశారు. మనుషులు నీడల్లా కదులుతారు. రంగులు మాత్రం మరకల్లా తెలుస్తాయి.

"రా సావిత్రి" అంది తలెత్తకుండానే. "పిండి వాసన ముందుగాల వస్తది, ఎన్కకెళ్లి నువ్వొస్తవు."

సావిత్రమ్మ పక్కన కూర్చుని తానూ ఒక కట్ట తీసుకుంది.

"రంగు సంగతే గదా?" అంది నర్సమ్మ. "ఏం రంగు ఏస్తరంట?"

"బూడిద రంగక్కా. కింద నల్లపట్టీ."

"అన్ని ఇండ్లకా?"

"అన్నిటికి. ఆదర్శ గల్లీ అంటున్నరు. ఫొటోల చూపెట్టిండు విష్ణన్న, మంచిగనే ఉన్నది."

"సావు ఇల్లు లెక్క ఉండదానే?"

సావిత్రమ్మ నవ్వింది. ఆమెకు రంగుతో పని లేదు. ఆమెకు కావలసింది మోరి, నీళ్లు పోయే కాలువ. వాన పడితే పైనున్న మార్కెట్ నీళ్లన్నీ గల్లీలోకి దిగి, గల్లీ మధ్యలో పల్లంగా ఉన్న గిర్నిలోకే వస్తాయి. పోయిన వానాకాలం మోటారు రెండుసార్లు కాలింది. మోరి కోసం ఆమె ఎక్కని మెట్టు లేదు. ఇప్పుడు వార్డు మెంబరు విష్ణువర్ధన్ తానే వచ్చి చెప్పాడు. అన్ని ఇళ్లూ ఒకే రంగుకు ఒప్పుకుంటే గల్లీకి ఆదర్శ గల్లీ పేరు వస్తుంది, పేరొస్తే మోరి వస్తుంది. ఒక్క ఇల్లు తక్కువైనా రాదు.

"నీ ఒక్క ఇల్లే ఆగిందక్కా."

నర్సమ్మ చేతిలోని కాడను నేల మీద పెట్టింది. "నా ఇల్లు నాకు చిలకపచ్చగ కనవడ్తది సావిత్రి. మసీదు కాడికెళ్లి వచ్చినా, మార్కెట్‌కెళ్లి వచ్చినా దాన్ని వట్టుకొనే వస్త. మా మాణిక్ అందుకనే ఏసిండు గా రంగు."

"నీ ఎదురుంగ నేను లేనా? చెయ్యి వట్టుకొని తీస్కరానా?"

"నువ్వు లేనప్పుడు?"

"నేనేడికి పోత అక్కా, గిర్ని ఇడిసి?"

పైన బస్టాండు వైపు నుంచి బస్సు హారను వినిపించింది. అప్పుడామె తెంపిన ఆకంతా చేటలోకి తోసి, "సరే. నీ మాట మీద ఏయమను" అంది.

సాయంత్రం మాణిక్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీ నుంచి యూనిఫాంతోనే గిర్నికి వచ్చాడు. వార్డు మీటింగులో నిలబడి వద్దన్నవాడు అతనొక్కడే. లోపలికి రాలేదు. గడప బయటే నిలబడ్డాడు.

"మా అమ్మను ఎట్ల ఒప్పించినవ్ చిన్నమ్మా?"

"గల్లీ మంచికే గదరా..."

"గల్లీకా, గిర్నికా?" అన్నాడు. "ఇంటి పన్ను మేం కట్టాలె, గోడ మాది, రంగు మాత్రం ఆళ్లదా? ఇయ్యాల రంగంటరు. రేపు ఇంకోటంటరు. నీ మోరి కోసం మా అమ్మకు ఉన్నంత చూపు కూడ తీసినవ్."

వెళ్లిపోయాడు. సావిత్రమ్మ చీపురు తీసుకుని నేల మీది పిండి ఊడ్చింది. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది.

*

రంగు మనుషులు కంప్రెషర్ బండితో పై కొస నుంచి దిగారు. బ్రష్షులు లేవు. పైపు కొసనున్న తుపాకీలాంటి దాన్ని నొక్కితే పొగమంచులా రంగు ఎగజిమ్ముతుంది. రిటైరైన టీచరు మదన్‌మోహన్ ఇంటి గులాబీ రంగు టీ తాగి వచ్చేలోపు మాయమైపోయింది. ఆ పక్కింటి గోడ మీద తలుపు పక్కన, ఏనాటిదో పెండ్లి రాత ఉండేది. పెండ్లికొడుకు పేరూ, పెండ్లికూతురు పేరూ, మధ్యలో రెండు చిలకలు. పైపు పట్టుకున్న మనిషి దాని ముందు ఆగలేదు. ఒకే విసురులో దాని మీదుగా పోయాడు. తడి ఆరేదాకా చిలకలు బూడిదలోంచి కాస్త కనిపించి, తర్వాత అవీ పోయాయి.

వాళ్ల వెనకే తెల్ల చొక్కా మనిషి ఒకడు ఫోన్ పట్టుకుని నడుస్తున్నాడు. ఒక్కో ఇంటినీ ఎదురుగా, తర్వాత పక్కనుంచి ఫొటో తీస్తున్నాడు. పేరడిగితే చెప్పలేదు. "ఆదర్శ గల్లీ కమిటీకెళ్లి వచ్చిన" అన్నాడంతే.

తన గోడ వంతు వచ్చినప్పుడు సావిత్రమ్మ బయట నిలబడి చూసింది. పసుపు గోడ మీద బూడిద పడుతుంటే గిర్ని తలుపులోంచి వచ్చిన పిండి గాలిలో కలిసి ఏది రంగో ఏది పిండో తెలియలేదు. ఎదురుగా నర్సమ్మ అరుగు మీదనుంచి లేచి లోపలికి పోయింది. యంత్రం చప్పుడు ఆగాక బయటికి వచ్చి, గోడ మీద అరచెయ్యి పెట్టింది. తడి రంగు చేతికంటింది. ఆ చెయ్యిని కళ్ల దగ్గరికి తెచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

పొద్దు వాలే వేళకు గల్లీ మొత్తం ఒకటే రంగైంది. ఆషాఢం మబ్బు కిందికి దిగి ఉంది. గోడలూ మబ్బూ ఒకటే తీరుగా ఉన్నాయి. అల్లం మార్కెట్‌లో తూకాలు చూసే సావిత్రమ్మ మొగుడు శంకరప్ప సైకిలు మీద వచ్చి, ఇల్లు దాటి ముందుకు పోయాడు. మళ్లీ వెనక్కి తిరిగి వచ్చి, "నమ్మ మనె యావుదే?" అని నవ్వాడు. బీదర్ వైపు నుంచి వచ్చినవాడు. నవ్వొచ్చినా కోపమొచ్చినా అతనికి ముందు కన్నడమే వస్తుంది. మన ఇల్లు ఏదే అని అడిగిన మాటకు సావిత్రమ్మ కూడా నవ్వింది. సైకిలు స్టాండు వేసి గల్లీ కొసదాకా మళ్లీ ఒకసారి చూశాక అతని నవ్వు పోయింది.

మర్నాడు నర్సమ్మ మదన్‌మోహన్ ఇంట్లోకి పోయింది. చెప్పులు విడిచి, లోపలికి నడిచి, మంచం మీద కూర్చుని, "ఒరే మాణిక్, మంచినీళ్లియ్యి" అంది. మదన్‌మోహన్ భార్య నవ్వు ఆపుకోలేక గల్లీలో అందరికీ చెప్పింది. నర్సమ్మ కూడా నవ్విందట. గిర్నికి వచ్చిన ఆడవాళ్లు ఆ మాటే చెప్పుకుని నవ్వుతుంటే సావిత్రమ్మ జొన్నలు పోస్తూ తల తిప్పుకుంది.

ఆ సాయంత్రం మాణిక్ తన తల్లి పచ్చ చీరను గుమ్మం పక్క స్తంభానికి కట్టాడు. గాలికి అది రెపరెపలాడింది. నర్సమ్మ అరుగు చివరికి వెళ్లి దాని వైపు చూసి, మళ్లీ వచ్చి, మళ్లీ వెళ్లి చూసింది. చిన్నపిల్ల ఆటలా ఉంది.

తెల్లారేసరికి చీర లేదు. ఎవరు తీశారో ఎవరూ చూడలేదు. ఆ పొద్దున గల్లీ అంతా నల్లా వచ్చింది, మాణిక్ ఇంట్లో మాత్రం రాలేదు. అతను బిందె పట్టుకుని సావిత్రమ్మ ఇంటికి వచ్చి మాట్లాడకుండా నీళ్లు పట్టుకుపోయాడు.

విష్ణువర్ధన్ ఆరోజే వచ్చాడు. తెల్లబట్టలు, మెత్తటి మాట. గిర్ని ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"మాణిక్ వాళ్లింట్ల నల్లా వస్తలేదు విష్ణన్నా" అంది సావిత్రమ్మ.

"పైపుల ఏదన్న అడ్డం వడ్డదేమో. చూపిస్త." గోడను వేలితో తడిమి చూసుకున్నాడు. "ముంగట ఏం కట్టొద్దు, ఏం పెట్టొద్దు అని రూలున్నదక్కా. నేను చెప్తలే, రూలు చెప్తున్నది. ఆ పిలగానికి నువ్వు జర చెప్పు. నీ మాటింటరు గల్లీల."

"మోరి ఎప్పుడు?"

"ఎంబడే. ఎల్లుండి సంగారెడ్డి కెళ్లి ఆఫీసర్లు వస్తున్నరు. వార్డు ఆఫీసుల చిన్న సభ. అందరికన్న ముందు ఒప్పుకున్నది నువ్వే గదా, నీకు సన్మానం. ఆళ్ల ముంగటనే మోరికి కొబ్బరికాయ కొడదం." లేస్తూ గిర్ని వైపు చూశాడు. "చప్పుడు జర ఎక్కువున్నది. దుమ్ము గూడ. సర్లే, దాని సంగతి తర్వాత చూద్దం."

ఆ ఆఖరి మాట అతను పోయాక కూడా చాలాసేపు అక్కడే ఉంది.

*

సభ రోజు సావిత్రమ్మ గిర్ని బంద్ పెట్టి, పట్టుచీర కట్టుకుని వార్డు ఆఫీసుకు పోయింది. ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆఫీసర్లు ఎంతకూ రాలేదు. మైకువాడు హలో హలో అంటూ కూర్చున్నాడు. వచ్చాక దండలు, మాటలు, ఫొటోలు. శాలువా భుజాల మీద వేస్తుంటే ఆమెకు చెమట పట్టింది. కొబ్బరికాయను ఆఫీసు మెట్ల మీదే కొట్టారు. ఆఫీసర్లకు గల్లీ దాకా వచ్చే తీరిక లేకపోయింది.

తిరిగి వస్తుంటే గల్లీ మొదట్లో స్వప్న ఎదురైంది. పై కొసనున్న దర్జీ పిల్ల. ఏడుస్తోంది.

"నర్సవ్వను దవాఖానకు తీస్కపోయిన్రు అక్కా. హైవే మీద బండి తాకింది."

"హైవే మీదికి ఎందుకు పోయింది?"

"నేనే బస్తీ దవాఖానకెళ్లి గోలీలు ఇప్పించి తీస్కొచ్చిన. ఇంటి దాక వస్త అంటె ఇనలే. 'నువ్వు పో బిడ్డా, గిర్ని చప్పుడు ఇనవడ్తది గదా, నేను పోత' అన్నది. పొద్దుగాల గిర్ని బంద్ ఉన్న సంగతి నాకూ యాదికి రాలే."

పెద్ద దవాఖానలో నర్సమ్మ ఎడమచేతికి సిమెంటు కట్టు వేశారు. నుదుటి మీద కుట్లు. సావిత్రమ్మ మంచం దగ్గరికి పోయేసరికి ఆమె ముఖం ఇటు తిప్పింది.

"పిండి వాసన లేదు. అయినా నువ్వే."

"నేనే అక్కా."

"నడిచిన సావిత్రి" అంది నర్సమ్మ. ఏ నిష్ఠూరమూ లేదు గొంతులో. జరిగింది చెబుతోంది. "పచ్చది ఎప్పుడస్తదా, ఎప్పుడస్తదా అని నడుస్తనే ఉన్న. గల్లీ అయిపోయింది గని పచ్చది రాలే. లారీల చప్పుడు ఇనవడ్డంక నిలవడ్డ. అప్పటికే ఆలిశమైంది."

సావిత్రమ్మ చంకలోని శాలువాను మంచం కిందికి, సంచీ వెనక్కి తోసింది. నర్సమ్మ కట్టు లేని చెయ్యిని తీసుకుని పట్టుకుంది. ఆ చేతి గోళ్ల సందుల్లో బూడిద రంగు ఇంకా ఉంది.

బయట వరండాలో విష్ణువర్ధన్, మాణిక్ భుజం మీద చెయ్యి వేసి నడిపిస్తున్నాడు. ఫోన్ చేసి డాక్టరును రప్పించిందీ, ఒక్కరికే ఉండే గది ఇప్పించిందీ అతనే. చాలా మెల్లగా మాట్లాడుతున్నాడు.

"ఎవరన్న అడిగితె, పెద్దమనిషి, నడ్క తప్పింది అని చెప్పు. రంగు గింగు అని లొల్లి వద్దు. మీ అమ్మను నేను చూస్కుంట. ఫికర్ చెయ్యకు."

మాణిక్ తల వంచుకుని వింటున్నాడు. సావిత్రమ్మ అతని ముఖం కోసం చూసింది. అతను ఆమె వైపు చూడలేదు.

*

మర్నాడు జేసీబీ వచ్చింది. పై కొసన రోడ్డు పక్కన బకెట్ దించి, మొదటి దెబ్బకే తాతల నాటి బండలు పెకిలించింది. గల్లీ జనమంతా పండగలా చుట్టూ చేరారు. శంకరప్ప ఒక్కడే కాసేపు చూసి, "మోరి ఎప్పుడు గూడ కిందికెళ్లి తవ్వుకుంట రావాలె. గీళ్లు పైకెళ్లి ఎందుకు మొదలువెట్టిన్రు?" అన్నాడు. అందరి కళ్లూ బకెట్ మీదే ఉన్నాయి.

సావిత్రమ్మ ఆరోజు బస్టాండు దగ్గరి రంగుల దుకాణానికి పోయింది. కార్డు మీది రంగులన్నీ చూసి, "ఇంకా కొట్టొచ్చేటట్టు కనవడాలె" అంది. దుకాణంవాడు చిలకపచ్చ డబ్బా తీసిచ్చాడు. డబ్బా, బ్రష్షు పట్టుకుని నేరుగా మాణిక్ ఇంటికి పోయింది.

మాణిక్ దవాఖానకు అన్నం కడుతున్నాడు. డబ్బాను చూడగానే అతనికి అర్థమైంది.

"వద్దు చిన్నమ్మా."

"నర్సక్క రేపొస్తది. వచ్చేసరికి గోడ ఎట్లుండెనో గట్ల చేద్దం."

"వద్దన్న గదా." టిఫిను మూత గట్టిగా నొక్కాడు. "పొద్దుగాల నల్లా వచ్చింది. దవాఖానల గూడ ఆయనే నిలవడ్డడు. ఇగ నాతోని లొల్లి కాదు."

"మొన్న నా గడపల నిలవడి ఏమన్నవురా? గోడ మాది అన్నవు."

"మొన్న మా అమ్మ ఇంట్ల ఉండె" అన్నాడు మాణిక్. "ఇయ్యాల దవాఖానల ఉన్నది."

సావిత్రమ్మ డబ్బా తీసుకుని రోడ్డు దాటింది. తన గిర్ని ముందు ముక్కాలిపీట వేసుకుని ఎక్కింది. మూత తెరిచి, బ్రష్షు ముంచి, ద్వారబంధం పక్కనుంచి మొదలుపెట్టింది. జేసీబీ చప్పుడులో ముందు ఎవరూ గమనించలేదు. గోడ సగం పచ్చబడ్డాక గల్లీ చూపంతా ఇటు తిరిగింది. ఎదురింటి కిటికీ రెక్క మూసుకుంది. తర్వాత దాని పక్కది.

శంకరప్ప వచ్చి పీట దగ్గర నిలబడ్డాడు.

"ఇయ్యాల కాకపోతె రేపు మోరి మన ముంగటికి వస్తదే. దాటిపోనియ్యి. తర్వాత ఏస్కో."

"నర్సక్క రేపే వస్తది."

"రెండు దినాలు చెయ్యి వట్టుకొని నడిపించు. ఏమైతది?"

"వట్టుకుంట అన్న గదా మొన్న" అంది సావిత్రమ్మ, గోడ వైపు తిరిగే. "వట్టుకున్ననా?"

పీట ఊగుతోంది. శంకరప్ప వంగి దాని కాలు పట్టుకున్నాడు. పచ్చరంగు చుక్కలు అతని తల మీద పడ్డాయి.

తెల్ల చొక్కా మనిషి వచ్చి ఫొటోలు తీసుకున్నాడు. ఎదురుగా, పక్కనుంచి. పీట మీది మనిషిని కూడా.

విష్ణువర్ధన్ పొద్దు వాలాక వచ్చాడు. ఈసారి కుర్చీ అడగలేదు.

"ఇదేందక్కా?"

"రంగు విష్ణన్నా."

"కనవడ్తున్నది." నవ్వాడు. "శాలువా కప్పినం నీకు. ఆఫీసర్ల కాడ నీ ఫొటో ఉన్నది. ఆళ్లకు నేనేం చెప్పాలె?"

"నర్సక్క తాన ఉన్న ఒక్క గుర్తు తీసినమని చెప్పు. నేనే తీయించిననని చెప్పు."

అతను గోడను చూశాడు. గిర్నిని చూశాడు. లోపలి గోడకు అంటించిన గిర్ని పర్మిషన్ కాగితాన్ని, తీరుబడిగా, పైనుంచి కిందిదాకా చదివాడు. "మంచిది" అని వెళ్లిపోయాడు. అరవలేదు. బెదిరించలేదు. మంచిది అన్నాడంతే. ఆ రాత్రి శంకరప్ప తలుపు గడియ రెండుసార్లు చూసుకున్నాడు.

పొద్దున జేసీబీ మదన్‌మోహన్ ఇల్లు దాటి, గిర్ని గోడ మొదలయ్యే చోటికి వచ్చింది. డ్రైవర్‌కు ఫోన్ వచ్చింది. విని, తల ఊపి, బకెట్ పైకెత్తి, ఇంజను ఆపకుండానే బండి వెనక్కి తిప్పుకున్నాడు. వచ్చిన దారినే పై కొసకు పోయి, మలుపులో కనిపించకుండా పోయింది. తవ్విన మోరి పై కొస నుంచి సాఫుగా వచ్చి, సావిత్రమ్మ గడప ముందు మొండిగా ఆగిపోయింది.

కింది ఇళ్లవాళ్లు ముందు అర్థంకాక చూశారు. అర్థమయ్యాక గిర్ని ముందుకు వచ్చారు.

"నీ ఒక్క దాని గురించి మా అందరికి బంద్ చేసిన్రు."

"రంగు ఏయమని ఇల్లిల్లు తిరిగింది నువ్వే గదా సావిత్రమ్మా? ఇప్పుడు నువ్వే తిప్పితివి."

"నర్సవ్వ మీద అంత పావురముంటె ఇంట్ల వెట్టుకో. గోడలెందుకు?"

వాళ్లన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. మదన్‌మోహన్ తన ఇంటి ముందు కొత్త మోరి అంచు మీద నిలబడి, "మాదైతే అయింది. కిందోళ్ల సంగతి జర ఆలోచించమ్మా" అన్నాడు. మాణిక్ గుంపు వెనక నిలబడ్డాడు. అతని ఇంటి ముందుకూ మోరి రాలేదు. అతను గుంపులోంచి బయటికి రాలేదు.

ఆరోజు గిర్నికి ఒక్క గంప జొన్నలు రాలేదు. గల్లీ ఆడవాళ్లు గిన్నెలు నెత్తిన పెట్టుకుని గిర్ని ముందునుంచే మార్కెట్‌లోని గిర్నికి పోయారు. గింజ లేకుండా రాళ్లు తిప్పితే రాయి రాయిని తింటుంది. సావిత్రమ్మ ఇంట్లో తమ కోసం దాచుకున్న జొన్నలు తెచ్చి పోసింది. మోటారు వేసింది. పిండి అక్కర్లేదు ఆమెకు. నర్సమ్మ వచ్చే వేళకు చప్పుడు ఉండాలి.

*

ఆటో పై కొస నుంచి వచ్చింది. తవ్విన మట్టి కుప్పల వల్ల లోపలికి రాలేక మదన్‌మోహన్ ఇంటి దగ్గరే ఆగింది. మబ్బు కమ్ముకుని పగలే మసకైంది. కోహీర్ వైపు ఉరుములు. మాణిక్ ముందు దిగి, తల్లిని దించి, ఆటోవాడితో మాట్లాడడానికి అటు తిరిగాడు.

నర్సమ్మ కట్టు చేతిని కొంగులో పెట్టుకుని గల్లీ మధ్యన నిలబడింది. తల మెల్లగా ఇటు నుంచి అటు తిప్పింది. బూడిద, బూడిద. ఒక చోట తల ఆగింది.

నడక మొదలుపెట్టింది. తడుముకునే నడక కాదు, తన ఇంటికి పోయే మనిషి నడక. మట్టి కుప్ప పక్కనుంచి, మోరి మొండి అంచు మీదుగా, తిన్నగా పచ్చ గోడ వైపు. కిటికీల వెనక జనం చూస్తున్నారు. మాణిక్ ఆటో దగ్గరనుంచి "అమ్మా, అది కాదు" అన్నాడు. గిర్ని చప్పుడులో ఆమెకు వినిపించలేదో, వినిపించినా ఆగలేదో.

గడప దాటాక చెప్పులు విడిచింది. కాలి కింద పిండి తగలగానే ఆగింది.

"ఇది గిర్ని గదా" అంది.

"గిర్నే అక్కా" అంది సావిత్రమ్మ. మోటారు ఆపింది.

"పచ్చగున్నది?"

"ఏసిన. దీనికి ఎదురుంగ పోతె నీ ఇల్లే. ఇగ ఎప్పుడు గూడ గంతే."

పట్టా నెమ్మదించి ఆగేదాకా నర్సమ్మ అలాగే నిలబడి వింది. తర్వాత చెయ్యి చాచి బల్లను వెతుక్కుని కూర్చుంది. "ఇంటికి మల్ల పోత. జరసేపు కూసుంట" అంది.

మాణిక్ గడప బయటిదాకా వచ్చాడు. తల్లిని చూశాడు. సావిత్రమ్మను చూశాడు. అప్పుడే పెద్ద చినుకులు మొదలయ్యాయి. విష్ణువర్ధన్ కారు పై కొసన ఆగి ఉంది. దిగినవాళ్లెవరూ లేరు, వైపర్లు మాత్రం అటూ ఇటూ తిరుగుతున్నాయి. మాణిక్ ఆ వైపు ఒకసారి చూసి, వాన తగలకుండా తల మీద చేతులు పెట్టుకుని, రోడ్డు దాటి తన ఇంట్లోకి పోయాడు. తలుపు దగ్గరకు వేశాడు. గడియ పెట్టలేదు.

వాన దంచికొట్టింది. ఎప్పుడూ గల్లీ అంతా పరుచుకుని వచ్చే మార్కెట్ నీళ్లు ఈసారి పరుచుకోలేదు. కొత్త మోరి నోటితో అన్నిటినీ పట్టుకుని, వేగం పెంచుకుంటూ, సాఫైన దారిలో దిగి వచ్చాయి. మోరి ఆగిన చోట ఆగలేదు. ఎర్రటి నీళ్లు అంచు మీదికి ఎగసి, గడప మీద ఒకసారి వెనక్కి తగ్గి, మళ్లీ వచ్చాయి.

శంకరప్ప ఇటుకల కోసం పెరట్లోకి పరుగెత్తాడు. సావిత్రమ్మ వంగి మోటారు కింద చేతులు పెట్టి చూసింది. ఒక్కతే లేపగలిగే బరువు కాదు అది.

"నీళ్ల చప్పుడు ఇనవడ్తున్నది సావిత్రి" అంది నర్సమ్మ. "ఏడికెళ్లి వస్తున్నయి?"

నీళ్లు అప్పటికే నేల మీది పిండిని నాకుతూ బల్ల కిందికి వచ్చేశాయి.

"ఏం లేదక్కా" అంది సావిత్రమ్మ. "నువ్వు కాళ్లు పైకి వెట్టుకో."